పెట్టెలు పెరుగుతున్నా పెంపకందారు ఎందుకు నిలబడలేకపోతున్నాడు?

మధుకోశం (చర్చ ప్రారంభం)

సభ్యులకు నమస్కారం. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కల ప్రకారం ప్రపంచంలో మనుషులు పెంచుతున్న తేనెటీగల పెట్టెలు 10 కోట్లు దాటాయి, ఏటా తీసే తేనె సుమారు 18 లక్షల టన్నులు ఉంటుంది. ఈ అంకెలు మాత్రమే చూసినవారికి మన వృత్తి వర్ధిల్లుతున్నట్టే కనిపిస్తుంది. కానీ వందల పెట్టెలతో ఇదే జీవనాధారంగా బతికేవారిని అడిగితే వేరే సంగతి తెలుస్తుంది. చనిపోయిన ఈగల కుటుంబాల (ఒక పెట్టెలో ఒకే రాణితో కలిసి బతికే గుంపుల) స్థానంలో ఉన్నవాటినే విడదీసి, కొత్త రాణులను ఎక్కించి, మళ్లీ బలం పుంజుకునేదాకా చక్కెర పాకం పోసి సాకడానికే వారి శ్రమలోనూ పెట్టుబడిలోనూ పెద్ద భాగం పోతోంది. మొత్తం లెక్క తగ్గడం లేదంటే ఈగలు చావడం లేదని కాదు, చచ్చినవాటిని పెంపకందారు తన ఖర్చుతో భర్తీ చేస్తున్నాడని అర్థం.

నా అభిప్రాయంలో అన్నిటికంటే మొదట మాట్లాడవలసింది ధర గురించి. మంచి తేనెకు గిట్టుబాటు ధర దక్కితే ఈగలకు పట్టే వరోవా నల్లి నివారణకైనా, మేతకైనా, కూలికైనా ఖర్చు పెట్టగలం. ఆ ధరను పడగొడుతున్నది తేనె పేరుతో అమ్ముడవుతున్న చక్కెర పాకం. దీనిమీద పెంపకందారులే కాక తేనె కొనేవారు, పరీక్షించేవారు, తోటల రైతులు కూడా రాయాలని కోరుతున్నాను.

నల్లిలెక్క

మధుకోశం గారి ఆవేదన న్యాయమైనదే. అయితే వరుస మార్చమని కోరుతున్నాను. ధర రెట్టింపైనా, బతికి లేని కుటుంబం నుంచి తేనె రాదు కదా.

వరోవా నల్లి మొదట ఆసియా తేనెటీగ మీద బతికిన పరాన్నజీవి. ఆ ఈగతో తరతరాలుగా కలిసి ఉన్నందువల్ల అక్కడ అది దాదాపుగా పోతుటీగల పిల్లగదుల్లోనే సంతతిని పెంచుకుంటుంది. ఈగలు కూడా ఒంటిమీది నల్లులను దులిపేసుకుంటాయి, కాబట్టి కుటుంబం తట్టుకుని నిలుస్తుంది. వాణిజ్య పెంపకంలో ప్రపంచమంతటా ఎక్కువగా వాడే పాశ్చాత్య తేనెటీగకు అది అంటుకున్నాక ఆ సమతుల్యం చెడిపోయింది. గదికి మైనపు మూత పడబోయే ముందు తల్లి నల్లి లోపలికి దూరుతుంది. మూత పడిన రెండున్నర మూడు రోజులకు మొదటి గుడ్డు పెడుతుంది, అందులోంచి మగ నల్లి వస్తుంది. ఆ తరువాత దాదాపు 30 గంటలకు ఒకటి చొప్పున ఆడ గుడ్లు పెడుతూ పోతుంది. కూలి ఈగ గది సుమారు 12 రోజులు మూసి ఉంటుంది కాబట్టి ఒకటి రెండు ఆడ నల్లులే ఎదిగి బయటపడతాయి. పోతుటీగ గది ఇంకా రెండు మూడు రోజులు ఎక్కువ మూసి ఉండటం వల్ల అక్కడ సంఖ్య మరింత పెరుగుతుంది. నల్లి ఈగ రక్తం పీలుస్తుందని చాలాకాలం అనుకున్నారు గాని, అది ప్రధానంగా తినేది కొవ్వు కణజాలాన్ని అని 2019లో వెలువడిన పరిశోధన చూపింది. ఈగ పోషకాలను దాచుకునేదీ, విషాలను విరిచేదీ, రోగాన్ని ఎదుర్కొనేదీ ఆ కణజాలమే. దానికి తోడు నల్లి రెక్కలు వంకర తిప్పే వైరస్‌ను కూడా ఎక్కిస్తుంది. అంటే నల్లి పట్టిన కుటుంబానికి పురుగుమందూ, మేత కరువూ, వైరసూ అన్నీ రెట్టింపు భారమవుతాయి. అందుకే దీన్ని పది సమస్యల్లో ఒకటిగా చూడకూడదంటాను.

అమెరికాలో 2024 వేసవి నుంచి 2025 ఆరంభం వరకు వాణిజ్య పెంపకందారులు తమ కుటుంబాల్లో సుమారు 60 శాతం కోల్పోయారు. అక్కడి వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు పరీక్షించిన కుటుంబాల్లో వైరస్‌లు అధిక స్థాయిలో కనిపించాయి, నల్లుల్లో అమిట్రాజ్ మందును తట్టుకునే జన్యు లక్షణం బయటపడింది. అంతకు ముందు ఫ్లువాలినేట్, కౌమాఫాస్ అనే నల్లి మందుల విషయంలోనూ ఇదే జరిగింది. ఒకే మందును ఏళ్ల తరబడి వాడితే నల్లి దానికి అలవాటు పడుతుంది, పైగా కొన్ని మందులు తేనెపట్టుల మైనంలో పేరుకుపోతాయి.

కొత్తపెట్టె

పెద్దలకు నమస్కారం. ఈ పని మొదలుపెట్టి ఎంతో కాలం కాలేదు. నల్లులను లెక్కించడానికి 300 ఈగలను ఆల్కహాల్‌లో కడగాలని చదివాను. అన్ని ఈగలను చంపడం కుటుంబానికి నష్టం కాదా? మందు ఎప్పుడు వేయాలో పెట్టెను చూసి తెలుసుకోలేమా?

నల్లిలెక్క

కొత్తపెట్టె గారూ, బలంగా ఉన్న కుటుంబంలో 30 వేల నుంచి 60 వేల దాకా ఈగలు ఉంటాయి, మంచి కాలంలో రాణి రోజుకు 1,500 వరకు గుడ్లు పెడుతుంది. ఆ 300 లోటు ఒక్క రోజులోపే తీరిపోతుంది. అర కప్పు ఈగలను పిల్లలున్న చట్రం (తేనెపట్టు కట్టి ఉండే చెక్క బిగింపు) మీదినుంచి తీసుకోండి, రాణి ఆ చట్రం మీద లేదని మాత్రం ముందే చూసుకోండి. వంద ఈగలకు రెండు మూడు నల్లులు తేలితే మందు వేయవలసిన సమయం వచ్చినట్టే. కంటితో చూసి తెలుసుకోవడం మీద ఆధారపడవద్దు. నల్లుల్లో ఎక్కువ భాగం మూతపడిన గదుల లోపల ఉంటాయి, వంకర రెక్కల ఈగలు గడప దగ్గర పాకుతూ కనిపించే నాటికి చాలా ఆలస్యమైపోతుంది.

నల్లి మందుగా వాడే ఆక్సాలిక్ ఆమ్లం ఈగల ఒంటిమీది నల్లులనే చంపుతుంది, మైనపు మూత దాటి లోపలికి పోదు. అందువల్ల పిల్లలు లేని సమయంలోనే దాని ఫలితం పూర్తిగా దక్కుతుంది. ఏడాది పొడవునా పిల్లలు ఉండే వెచ్చని ప్రాంతాల్లో రాణిని మూడున్నర వారాల పాటు పంజరంలో ఉంచి, ఉన్న పిల్లలన్నీ బయటికి వచ్చాక ఆమ్లం వేస్తారు. ఫార్మిక్ ఆమ్లం మూత లోపలికి కూడా చేరుతుంది గాని ఎండ తీవ్రంగా ఉన్న రోజుల్లో రాణికి ప్రమాదం. ఇవన్నీ చేతిపనులు. వెయ్యి పెట్టెలున్నవారు ప్రతి పెట్టెలో రాణిని వెతికి పట్టుకోవాలంటే ఎంత మంది నేర్పరులైన కూలీలు కావాలో ఆలోచించండి. పెద్ద పెంపకందారులు ఒకే మందు పట్టీని పెట్టె పెట్టెకూ వేలాడదీసి వెళ్లిపోవడానికి అసలు కారణం ఇదే.

వలస_పెట్టెలు

నల్లిలెక్క గారు చెప్పిన కూలీల మాట మధుకోశం గారి మొదటి మాటకే తీసుకువస్తోంది. నేర్పు ఉన్న మనిషిని ఏడాదంతా నిలుపుకోవాలంటే ఆదాయం ఉండాలి, తేనె ఒక్కదాని మీద ఆ ఆదాయం రావడం లేదు. అందుకే మాలో చాలామందిమి పరాగ సంపర్కం కోసం పెట్టెలను అద్దెకు ఇస్తూ పూత వెంట తిరుగుతున్నాము.

కాలిఫోర్నియా బాదం తోటల సంగతి అందరూ వినే ఉంటారు. 13 లక్షల ఎకరాలకు పైగా కాపునిచ్చే తోటలకు ఎకరాకు రెండు పెట్టెల చొప్పున, ఫిబ్రవరిలో కొన్ని వారాల పూత కోసం, ఆ దేశంలోని తేనెటీగల కుటుంబాల్లో అధిక భాగం లారీల మీద అక్కడికి చేరుతుంది. ఆ కాలానికి సహజంగా చిన్నదిగా ఉండవలసిన కుటుంబాన్ని ముందునుంచే పాకంతోనూ పుప్పొడి ముద్దలతోనూ పెంచి, బలం చూపించి అద్దె తీసుకోవాలి. అన్ని దిక్కుల నుంచి వచ్చిన పెట్టెలు పక్కపక్కనే దిగుతాయి. బలహీనపడిన కుటుంబాన్ని పక్కవారి ఈగలు దోచుకుంటాయి, దోచిన తేనెతో పాటు నల్లులనూ తెచ్చుకుంటాయి. నా పెట్టెలను నేను ఎంత శుభ్రంగా ఉంచినా, పక్క పెంపకందారు మందు వేయకపోతే నా శ్రమ నెల తిరగకుండా వృథా అవుతుంది.

ఆస్ట్రేలియా ఉదాహరణ కూడా చెప్పాలి. వరోవా లేని పెద్ద దేశంగా నిలిచిన ఆ దేశంలో 2022 జూన్‌లో న్యూకాజిల్ రేవు దగ్గరి నిఘా పెట్టెల్లో నల్లి కనిపించింది. చుట్టుపక్కల వేలాది పెట్టెలను నాశనం చేశారు, పెట్టెల కదలికను నిషేధించారు. అయినా 2023 సెప్టెంబరులో నిర్మూలన ప్రయత్నాన్ని మానుకుని, నల్లితో సహజీవనానికి సిద్ధపడవలసి వచ్చింది. పెట్టెలు కదలనిదే తోటల పంట లేదు, కదిలితే నల్లి ఆగదు. ఈ చిక్కుముడి మా వృత్తి మధ్యలోనే ఉంది.

తోటరైతు

పెట్టెలను అద్దెకు తీసుకునే పక్షం నుంచి రాస్తున్నాను. ఈగలు చస్తే రైతు మందు కొట్టాడని అనడం తేలిక, కొన్నిసార్లు అది నిజం కూడా. జర్మనీలోని రైన్ లోయలో 2008 వసంతంలో క్లోథియానిడిన్ అనే కీటకనాశిని పట్టించిన మొక్కజొన్న విత్తనాలు నాటినప్పుడు, మందు గింజకు సరిగా అంటుకోక, విత్తే యంత్రాల గాలికి దుమ్ముగా లేచి పక్క పూలమీద పడి వేలాది కుటుంబాలు దెబ్బతిన్నాయి. అక్కడ పంటమీద ఎవరూ మందు పిచికారీ చేయలేదు. విత్తనం నాటడమే కారణమైంది. ఐరోపా సమాఖ్య 2018లో ఇమిడాక్లోప్రిడ్, క్లోథియానిడిన్, థయామెథాక్సామ్ అనే మూడింటినీ ఆరుబయట పంటల్లో వాడకుండా ఆపింది.

అయితే రైతులు తక్కువగా గుర్తించే ప్రమాదం శిలీంధ్రనాశినులది, అంటే తెగులు మందులది. పూత మీద కీటకనాశిని కొట్టకూడదని అందరికీ తెలుసు, తెగులు మందు మాత్రం ఈగలకు హాని చేయదనే నమ్మకంతో పట్టపగలే కొడతారు. కొన్ని తెగులు మందులు ఈగ శరీరంలో విషాన్ని విరిచే శక్తిని అడ్డుకుంటాయి. వాటిని పైరిథ్రాయిడ్ అనే రకం కీటకనాశినులతో ఒకే పీపాలో కలిపితే విడివిడిగా లేని తీవ్రత వస్తుంది. ఈ సంగతి మందు డబ్బా మీద రైతుకు అర్థమయ్యే మాటల్లో ఉండటం లేదు.

నాకూ ఒక ఫిర్యాదు ఉంది. అద్దె పూర్తిగా చెల్లించాక మూత తీసి చూస్తే మూడు నాలుగు చట్రాలకు మించి ఈగలు లేని పెట్టెలు కొన్ని వస్తుంటాయి. అంత చిన్న కుటుంబం తన పిల్లలను వెచ్చగా ఉంచుకోవడానికే సరిపోతుంది, పూల మీదికి వచ్చే ఈగలు కొద్దిగానే ఉంటాయి. కాబట్టి సగటున ఎనిమిది చట్రాల నిండా ఈగలు ఉండాలనీ, రైతు సమక్షంలో కొన్ని పెట్టెలు తెరిచి చూపాలనీ, పూత ఉన్నన్నాళ్లూ ఏ మందైనా ఈగలు గూటికి చేరాక రాత్రివేళ మాత్రమే కొట్టాలనీ ఇద్దరూ కాగితం మీద రాసుకోవాలి. నోటిమాట ఒప్పందాలు ఇద్దరినీ ముంచుతున్నాయి.

టోకు_తేనె

మధుకోశం గారు ధర గురించి వేసిన ప్రశ్నకు కొనుగోలుదారుల వైపు నుంచి జవాబు చెప్పవలసిన బాధ్యత నాకుంది. పెద్ద దుకాణాలు మమ్మల్ని అడిగేది ఏడాదంతా ఒకే రంగు, ఒకే రుచి, గడ్డకట్టని తేనె, నిరుటి ధరకే. తేనె స్వభావం అలాంటిది కాదు. ఒక్కో పూతకు ఒక్కో రంగు ఉంటుంది, గ్లూకోజ్ ఎక్కువగా ఉన్న తేనె కొన్ని వారాల్లోనే పేరుకుంటుంది. ఆ కోరికను తీర్చడానికి దేశదేశాల తేనెలను కలుపుతారు, వేడి చేస్తారు, సన్నని జల్లెడల గుండా వడకడతారు. అలా కలిపే చోటే కల్తీకి దారి దొరుకుతుంది.

ఐరోపా సమాఖ్య దిగుమతి తేనె మీద 2021-22లో జరిపిన తనిఖీలో 320 నమూనాల్లో 147, అంటే 46 శాతం, అనుమానాస్పదమైనవిగా తేలాయి. చక్కెర పాకం ధర దిగుమతి తేనె ధరలో దాదాపు నాలుగో వంతే ఉందని అదే నివేదిక చెబుతోంది. నిజాయితీగా కొనే టోకు వ్యాపారి ఆ ధరతో పోటీ పడలేడు. పెంపకందారుకు తక్కువ ఇస్తున్నామని మమ్మల్ని నిందించే ముందు ఇది కూడా చూడండి.

మధుకోశం

చూశాను, అంగీకరిస్తాను కూడా. అయితే కలిపిన తేనెలో ఏ దేశపుది ఎంత ఉందో సీసా మీద రాయడానికి ఇన్నేళ్లు వ్యతిరేకత ఎక్కువగా వచ్చింది టోకు వర్గం నుంచే కదా. ఐరోపా సమాఖ్య 2024లో సవరించిన నిబంధన ప్రకారం 2026 జూన్ నుంచి దేశాల పేర్లను శాతాలతో సహా ముద్రించాలి. "సమాఖ్య దేశాల, బయటి దేశాల తేనెల మిశ్రమం" అనే అర్థంలేని వాక్యం అక్కడ పోతుంది. ఇలాంటి నియమం లేని దేశాలన్నిటిలో కొనేవారికి ఇంకా చీకటే.

ప్రయోగశాల_బల్ల

ఆహార పరీక్షల రంగంలో పనిచేస్తున్నాను. కల్తీని పరీక్షతో పట్టేయవచ్చనే నమ్మకం చాలామందిలో ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

చెరకు, మొక్కజొన్న ఒక పద్ధతిలో గాలిలోని కార్బన్‌ను గ్రహిస్తాయి. ఈగలు మకరందం తెచ్చే మొక్కల్లో అత్యధిక భాగం వేరే పద్ధతిలో గ్రహిస్తాయి. ఈ రెండు రకాల మొక్కల చక్కెరల్లో బరువైన కార్బన్ నిష్పత్తి వేరుగా ఉంటుంది. తేనెలోని మాంసకృత్తులకూ మొత్తం తేనెకూ మధ్య ఆ నిష్పత్తిలో తేడా వెయ్యికి ఒకటిని దాటితే చెరకు లేదా మొక్కజొన్న చక్కెర సుమారు 7 శాతమో అంతకంటే ఎక్కువో కలిసిందని లెక్క. ఈ పరీక్ష బలమైనదే. కానీ వరి, బీట్‌రూట్ దుంప తేనెమొక్కల కోవకే చెందుతాయి. వాటి నుంచి చేసిన పాకం ఈ పరీక్షలో కనిపించదు. కల్తీదారులు దీన్ని తెలుసుకుని వరి పాకానికి మారారు.

ఇందులో పెంపకందారుకు జరిగే అన్యాయం ఒకటుంది. కరువు కాలంలో చెరకు చక్కెర పాకం పోసినప్పుడు ఈగలు అందులో కొంత దాచుకుంటాయి. పూత మొదలయ్యాక అది పై అంతస్తు (తేనె తీసుకోవడానికి పెట్టె మీద పెట్టే భాగం) చట్రాల్లోకి చేరితే, ఏ దురుద్దేశమూ లేని ఆ తేనె ఇదే పరీక్షలో ఓడిపోతుంది. కావాలని వరి పాకం కలిపిన సరుకు మాత్రం దాటిపోతుంది.

అయస్కాంత అనునాద పరీక్ష తేనె మొత్తం రసాయన రూపాన్ని ఒకేసారి చూస్తుంది, దాన్ని వేల నమూనాల భాండాగారంతో పోలుస్తుంది. ఆ భాండాగారంలో లేని అరుదైన అడవి పూల తేనె, అసలైనదే అయినా, తేడాగా కనిపించవచ్చు. ఇక నీరు ఎక్కువగా ఉన్న పచ్చి తేనెను ఈగలు మూత వేయకముందే పిండి, యంత్రంలో ఆరబెట్టే పద్ధతి ఉంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణం అడిగే 20 శాతంలోపు తేమ అందులోనూ ఉంటుంది. కానీ ఈగలు గూట్లో ఎంజైములు కలిపి పక్వం చేసే దశ జరగనే లేదు. దాన్ని తేనె అనకూడదని అంతర్జాతీయ తేనెటీగల పెంపకందారుల సమాఖ్య అపిమోండియా చాలాకాలంగా చెబుతోంది. పరీక్షలు ఎంత కష్టమయ్యాయంటే, 2025లో కోపెన్‌హాగన్‌లో జరిగిన ప్రపంచ సమావేశపు పోటీల నుంచి ఆ సమాఖ్య తేనె విభాగాన్నే తీసివేసింది.

వలస_పెట్టెలు

పాకం గురించిన మాట మాకు నేరుగా తగిలింది. వలస మధ్యలో ఆకలితో ఉన్న కుటుంబానికి మేత వేయకుండా ఉండలేము. ఏమి చేయమంటారు?

నల్లిలెక్క

పై అంతస్తు పెట్టాక పాకం పోయకూడదు, పాకం తాగుతున్నంతకాలం పై అంతస్తు పెట్టకూడదు. పూతకు ముందు కింది గదిలో పాకం నిండిన చట్రాలు మిగిలి ఉంటే వాటిని తీసి, కొత్తగా విడదీసిన కుటుంబాలకు ఇవ్వాలి. అంతకంటే మంచి మార్గం తేనె తీసేటప్పుడే కింది గదిలో సరిపడా తేనె వదిలిపెట్టడం. ధర తక్కువగా ఉన్నప్పుడు ఆఖరి చట్రం దాకా పిండుకోవలసి వస్తోందనీ, ఆ తరువాత పాకం పోయవలసి వస్తోందనీ నాకు తెలుసు. ఆ విషయంలో మధుకోశం గారి మొదటి మాటకు నేను దగ్గరగా వచ్చాను.

ఇంకొక హెచ్చరిక. వాడిన పెట్టెలను, పాత చట్రాలను కొనేటప్పుడు ఈగ పిల్లలను చంపే అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ అనే రోగం ఉందేమో చూడండి. చచ్చిన పిల్లను పుల్లతో కదిపి లాగితే జిగురు తీగలా సాగుతుంది. ఆ సూక్ష్మజీవి బీజాలు చెక్కలో దశాబ్దాలు బతుకుతాయి. యాంటీబయాటిక్ వేస్తే లక్షణాలు అణుగుతాయే గాని బీజాలు చావవు, తేనెలో అవశేషాలు మిగులుతాయి. క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ అవశేషాల కారణంగా 2002లో ఐరోపా సమాఖ్య చైనా తేనె దిగుమతిని ఆపిన తరువాతి నుంచీ కొనుగోలుదారులు అందరినీ అనుమానంతోనే చూస్తున్నారు. సోకిన పెట్టెను కాల్చడమే చాలా దేశాల్లో నియమం.

సమన్వయకర్త

ఒక సభ్యుడు తనకు బకాయిపడిన సంస్థ పేరు రాసిన వ్యాఖ్యను తొలగించాము. వివాదాలను పేర్లు లేకుండా రాయవలసిందిగా మనవి. చర్చ కొనసాగించండి.

కొత్తపెట్టె

ప్రయోగశాల_బల్ల గారికి చివరి ప్రశ్న. నేను అమ్మిన తేనె మధ్యవర్తి దగ్గర కల్తీ అయి, నింద నామీద పడితే ఎలా నిరూపించుకోవాలి?

ప్రయోగశాల_బల్ల

అమ్మిన ప్రతి విడతకూ, పీపా మూత వేయకముందే, కొనుగోలుదారు ఎదుట మూడు చిన్న గాజు సీసాల్లో నమూనా తీసి, ముగ్గురికీ కనిపించేలా లక్క ముద్ర వేయండి. ఒకటి మీ దగ్గర, ఒకటి వారి దగ్గర, ఒకటి ఇద్దరూ ఒప్పుకున్న మూడో వ్యక్తి దగ్గర ఉండాలి. సీసా మీద విడత సంఖ్య, తీసిన తేదీ, పెట్టెలున్న చోటు, ఆ కాలపు పూత, చివరిసారి పాకం పోసిన తేదీ, వేసిన మందు రాయండి. తేనెను వేడి తగలని చీకటి చోట దాచండి, వీలైతే చల్లటి గదిలో ఉంచండి. వేడి వల్లా కాలం గడిచిన కొద్దీ తేనెలో హైడ్రాక్సీమిథైల్ ఫర్‌ఫ్యూరల్ అనే పదార్థం పెరుగుతుంది. కిలోకు 40 మిల్లీగ్రాములు, ఉష్ణమండలపు తేనెకైతే 80 మిల్లీగ్రాములు దాటితే ఆ నమూనా పాతదనో కాచినదనో తోసిపుచ్చుతారు.

టోకు_తేనె

మా వైపు నుంచి ఈ మూడు సీసాల పద్ధతికి అభ్యంతరం లేదు. పాకం పోసిన తేదీని దాచకుండా రాసిన పెంపకందారు సరుకును మిగతావారి సరుకులో కలపకుండా విడిగా కొంటాను, విడిగా పరీక్షకు పంపుతాను. పరీక్ష ఖర్చు చెరిసగం భరించడానికి వలస_పెట్టెలు గారు, మధుకోశం గారు సిద్ధమైతే ఒప్పందపు ముసాయిదా ఇక్కడే పెడతాను. తోటరైతు గారు రాసిన అద్దె షరతులను కూడా దానికి జోడించవచ్చు.

మధుకోశం

సిద్ధమే. ముసాయిదాలో ఒక్క అంశం ముందే చేర్చండి. పరీక్షలో నెగ్గిన తేనెకు చెల్లింపు గడువు ఎన్ని రోజులో అంకెల్లో రాయాలి, ఆ గడువు దాటితే సరుకు వెనక్కి తీసుకునే హక్కు పెంపకందారుకు ఉండాలి.